ఖాతా నంబరు రెండొందల పదమూడు

డెబ్బై ఒకటి జనవరి.
డెకోరాలో బక్కమ్ పంపుల కంపెనీ ముందు
మంచుని పారలతో తవ్వి
మిషన్ దింపాం.
తలుపు చాల్లేదు.
ముసలి బక్కమ్ గుమ్మం చట్రం ఊడదీయించి,
నెల అద్దె కాగితం రెండుసార్లు చదివి,
"పియానో అయితే కనీసం పాడేది" అన్నాడు.

పెద్ద మిషన్లు పెద్దవాళ్లకుండేవి,
బ్యాంకులకు, రైళ్లకు, బీమా వాళ్లకు,
అద్దాల గదుల్లో, చల్లగాలిలో.
ఇది నట్లమ్ముకునేవాడి కోసం పుట్టింది.
పక్కన గ్రీజు డబ్బాలు,
వెనక తడి చేతితొడుగులు ఆరేసిన హీటరు.
దాని కార్డు అరచేతిలో ఇమిడేది:
మూడు అంతస్తుల గుండ్రటి చిల్లులు,
తొంభై ఆరు అక్షరాలు, అంతే.

ఆ చిల్లులు కొట్టేది ఆర్లిస్ ట్వైట్.
అంతకుముందు పద్దెనిమిదేళ్లు
ఆ కంపెనీకి చిట్టా ఆమే, ఆవర్జా ఆమే.
మొదటి నెలాఖరున
మిషన్ మొత్తానికీ ఆమె మొత్తానికీ
పదకొండు సెంట్లు తేడా.
నేను మిషన్ విప్పాను.
ఆమె పెన్సిల్ చెక్కుకుంది.
రాత్రి పదకొండింటికి తప్పు దొరికింది.
ఎవరిదో చెప్పను.
ఆమె మాత్రం నా కప్పులో
అడక్కుండానే కాఫీ పోసింది.

తర్వాత థర్టీ టూ వచ్చింది, బల్లంత.
తెర మాత్రం పోస్టుకార్డులో సగం,
ఆరు వరుసలు, కళ్లు చికిలించి చదవాలి.
థర్టీ ఫోర్ వచ్చాక
గోదాములో కుర్రాడి దగ్గరా ఒక తెర,
ముఖం మీద ఆకుపచ్చ వెలుగు.
థర్టీ సిక్స్. ఆ తర్వాత ఫోర్ హండ్రెడ్.
ప్రతిసారీ నేనే,
టై భుజం మీదికి విసురుకుని
పాతదాని కడుపులోది కొత్తదాని కడుపులో పోసి
తెల్లారేదాకా కాపలా.
మిషన్లు మారాయిగానీ ప్రోగ్రాం మారలేదు.
చదువు, లెక్కకట్టు, అచ్చెయ్యి, మళ్లీ చదువు.
గానుగెద్దుకి కొత్త కొట్టం, అదే గానుగ.

నెలాఖరున బిల్లులన్నీ పోస్టుకి వెళ్లేవి,
ఒక్కటి తప్ప.
ఖాతా 213, ఇంగ్వాల్డ్ సోర్లీ,
బాకీ మూడు డాలర్ల నలభై సెంట్లు.
దాన్ని చింపి, మడిచి,
ఆర్లిస్ సొరుగులో వేసుకునేది.
"ఆయన పోయి ఆరేళ్లయింది,
మాఫీ చేసెయ్, రెండు మీటలేగా"
అన్నాను, ఎనభై రెండులో.
"కట్టేశాడుగా" అంది.
వాల్వు కొన్న వేసవిలోనే
రెండు డజన్ల గుడ్లు,
ఒక సీసా రేగుపండ్ల జామ్. అడవి రేగు.
"ఎక్కడ కొట్టమంటావు?"

తొంభై ఆరు గళ్లూ మనసులో తడుముకున్నాను.
తేదీకి ఆరు. సరుకుకి ఏడు. ధరకి ఏడు.
గుడ్లకి గడి లేదు.
"మాఫీ అంటే ఆయన ఎగ్గొట్టినట్టు.
జమ అంటే నేను దొంగపద్దు రాసినట్టు."
అని ఫోను తీసి ఎవరికో
వాషర్ల ధర చెప్పడంలో పడిపోయింది.

రెండు వేల నాలుగులో కంపెనీ అమ్ముడుపోయింది.
లెక్కలు ఎక్కడో డి మోయిన్ వైపు వెళ్తాయట.
ఆఖరి రోజు నన్ను పిలిచారు,
ఆ మీటలు తెలిసినవాళ్లు మిగల్లేదని.
కొత్త కుర్రాడు కోల్టన్
అయిదు డాలర్ల లోపు బాకీలన్నీ
ఒక్క వరుసతో తుడవబోతుంటే
"ఉండు" అన్నాను.
ఒక్క బిల్లు అచ్చువేశాను.
ప్రింటరు చివరిసారి అరిచింది.
ఆ పాత ప్రోగ్రాముల్లో ఒక గుర్తు ఉండేది,
ఆఖరి రికార్డు అని.
అది వెలిగాకే మొత్తాలు పడతాయి.
వెలిగింది. పడ్డాయి.
స్విచ్ తీశాక ఫ్యాను
కాసేపు ఊరికే తిరిగింది.

ముసలివాళ్ల హోములో ఆర్లిస్
కళ్లజోడు వెతుక్కుంది.
కూడిక చూసింది ముందు, తర్వాతే పేరు.
"సరిపోయింది" అంది.
తేదీలో సున్నా నాలుగు చూసి
"అప్పటికి నేనింకా పుట్టలేదే" అని నవ్వింది.
కాగితాన్ని చిల్లుల అంచు దగ్గర చింపి,
మడిచి,
మంచం పక్క సొరుగు లాగింది.